పాట ఎవరిది?

(పాఠశాల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక గోడకు ఆనుకుని నిలబడినవాళ్ళు మా బ్యాచ్. మా బ్యాచ్ వాళ్ళు ఆ రోజుల్లోనూ వెనకే ఉండేవాళ్ళు. నలభై ఏళ్ళయినా మారలేదు.

సంఘం కార్యదర్శి నాకు ఫోన్ చేసి, "అన్నా, నువ్వు ఇంజనీరువి కదా, పిల్లకాయలకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పు" అన్నాడు. నేను సినిమా పాటల గురించి చెబుతానన్నాను. కొంచెంసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత, "సరే అన్నా, సార్లు ఏమీ అనుకోకుంటే సరి" అన్నాడు. సార్లు ఏమీ అనుకోరని నాకు ధైర్యం ఉంది. ఈ గొడవను మా తరగతిలో ముదరబెట్టింది వాళ్ళలో ఒకరే. ఆయన ఇప్పుడు నా కుడిపక్కన మూడో కుర్చీలో కూర్చున్నారు. మా తెలుగు సారు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఈ బడిలో నేను ఒక బాకీ పడ్డాను. అది తీర్చుకుందామని ఈరోజు మైకు అడిగి మరీ తీసుకున్నాను.

1985. మేం తొమ్మిదో తరగతి. ఆ కాలంలో మన బడికి ప్రొద్దుటూరు పిల్లలతో పాటు జమ్మలమడుగు నుంచి, పులివెందుల వైపు నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునేవాళ్ళు చాలామంది. మధ్యాహ్నం అన్నాలయినాక వేపచెట్టు కింద చేరేవాళ్ళం. క్రికెట్ ఆడడానికి బంతి లేని రోజున సినిమా పాటల మీద కొట్లాట. బంతి ఉండే రోజులు తక్కువ.

మూడు ఊళ్ళు, మూడు పార్టీలు. ప్రొద్దుటూరోళ్ళం మేమంతా ఇళయరాజా పార్టీ. సాగరసంగమం 1983లో, సితార 1984లో వచ్చాయి. అన్వేషణ ఆ ఏడే వచ్చింది. వ్యాపారం పనిమీద మద్రాసు పోయొచ్చే మా మామ క్యాసెట్లు తెచ్చేవాడు. మా ఇంట్లో టేపురికార్డరు ఉండేది కాబట్టి పార్టీ నాయకత్వం నాదే. రెండో పార్టీ చక్రవర్తి గారిది. ఎన్టీఆర్, కృష్ణ సినిమాలకు హాల్లో నాణేలు విసిరేవాళ్ళంతా అందులోనే. మూడోది పులివెందుల పార్టీ. వాళ్ళు ముగ్గురే, కానీ గట్టివాళ్ళు. వాళ్ళకు పాత పాటలు తప్ప వేరే పాటలు పాటలే కావు.

దానికి వాళ్ళ కారణం వాళ్ళకుంది. మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డి గారు పుట్టింది పులివెందుల తాలూకా కొత్తపల్లెలో. ఆయన తమ్ముడే విజయా ప్రొడక్షన్స్ నాగిరెడ్డి గారు. పాతాళభైరవి, మిస్సమ్మ, మాయాబజార్ చక్రపాణి గారితో కలిసి ఆ నాగిరెడ్డి గారు తీసినవే. అన్నదమ్ములిద్దరికీ దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు వచ్చింది. పులివెందుల పిల్లోడు ఒకడు ఛాతీ ముందుకు పెట్టి, "మీ ఇళయరాజా ఈపొద్దు వచ్చినాడు. తెలుగు సినిమా పాటకు ఇల్లు కట్టినోళ్ళు మా తాలూకావోళ్ళు" అనేవాడు. మా దగ్గర దానికి జవాబు లేదు. అందుకని ఇంకా గట్టిగా అరిచేవాళ్ళం.

ఏ పార్టీలోనూ లేనివాడు ఒకడుండేవాడు. జమ్మలమడుగు నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. వాళ్ళ నాయనకు జమ్మలమడుగులో బస్టాండు దగ్గర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే కొట్టు ఉండేది. వాడి పేరు చెప్పను. పేరు చెప్పొద్దని నిన్న రాత్రి నాతో ఒట్టు వేయించుకున్నాడు. మా బ్యాచ్ వాళ్ళకు ఎవరో ఇప్పటికే తెలిసిపోయింది.

వాడు కొట్లాడేవాడు కాదు. ప్రశ్నలు అడిగేవాడు. "ఆ పాటలో రెండో చరణానికి ముందు వచ్చే ఫ్లూటు, మొదటి చరణానికి ముందు వచ్చిందీ ఒకటేనా?" అనేవాడు. మాకు తెలియదు. వందసార్లు విన్న పాటే, అయినా తెలియదు. మేం వినేది గొంతును. గొంతు ఆగితే మళ్ళీ ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసేవాళ్ళం. వాడు వినేది ఆ మధ్యలో ఉన్నదాన్ని.

ఒక ఆదివారం వాడితో కలిసి జమ్మలమడుగు పోయినాను. వాళ్ళమ్మ ఉగ్గాణి పెట్టింది. తిని కొట్టుకు పోయినాం. చెక్క బల్ల మీద పొట్ట విప్పి పెట్టిన రేడియోలు, మైనం వాసన, సోల్డరింగ్ పొగ. రిపేరుకొచ్చిన ఒక పెద్ద స్టీరియో సెట్టులో సాగరసంగమం క్యాసెట్ పెట్టి, వాడు ఒక స్పీకరు వైరు పీకేసినాడు. నాకు బాగా తెలిసిన పాటలో కొన్ని వాయిద్యాలు మాయమైనాయి. ఆ వైరు తగిలించి రెండోది పీకినాడు. ఇందాక మాయమైనవి వచ్చినాయి, ఇందాక ఉన్నవి పోయినాయి. తర్వాత రెండూ తగిలించి, "ఇప్పుడు పాడేవాళ్ళను వినొద్దబ్బీ. అడుగున నడిచేదాన్ని విను" అన్నాడు.

అడుగున ఒక గిటారు నడుస్తోంది. బేస్ గిటారు అంటారని తర్వాత తెలిసింది. పైన గొంతు ఒక దారిన పోతోంది, కింద గిటారు ఇంకో దారిన పోతోంది. రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోవడం లేదు. "పైనోళ్ళది ఒక పాట, కిందోడిది ఇంకో పాట. రెండూ కొట్లాడుకోవు చూడు" అన్నాడు వాడు. పెద్దయినాక నేను పాశ్చాత్య సంగీతం గురించి రాసిన పుస్తకాలు కొన్ని చదివాను. ఆ సంగతిని వాడి కంటే తేలిగ్గా చెప్పినవాళ్ళు నాకు కనపడలేదు.

ఆ రోజు బస్సెక్కేముందు వాడు ఒక ప్రశ్న అడిగినాడు. "కింద గిటారోడు వాయించేది ఆయన సొంతంగా వాయించినాడా, ఇళయరాజా రాసిస్తే వాయించినాడా?" నేను తడుముకోకుండా, "అంతా ఇళయరాజానే" అన్నాను. పార్టీ నాయకుణ్ణి కదా. వాడు, "నీకెట్ల తెలుసు?" అన్నాడు. బస్సు వచ్చింది కాబట్టి బతికిపోయినాను.

మరుసటి వారం తరగతిలో గొడవ పెద్దదయింది. మాయాబజార్ సంగీతం గొప్పదని, ఘంటసాల ముందు మీ వాళ్ళెవరూ నిలబడరని పులివెందుల వాళ్ళు. కాదని మేము. బల్లలు గుద్దే దశకు వచ్చేసరికి తెలుగు సారు లోపలికొచ్చారు. అందరం నిలబడ్డాం. బెత్తం పడుతుందనుకున్నాం. సారు కుర్చీలో కూర్చుని, "మాయాబజార్‌లో పడవ పాట ఉంది కదా, వెన్నెల్లో. ఎవరిదిరా ఆ పాట?" అన్నారు.

"ఘంటసాలది సార్."

"పాడింది ఎవరు?"

"ఘంటసాల, లీల సార్."

"మాటలు?"

"పింగళి నాగేంద్రరావు సార్."

"బాణీ?"

"ఘంటసాలే సార్. టైటిల్సులో ఉంది."

సారు నవ్వి చెప్పారు. ఆ సినిమాకు మొదట సంగీతం చేయడానికి కుదిరింది సాలూరి రాజేశ్వరరావు గారు. నాలుగు పాటలకు బాణీలు కట్టి ఆయన తప్పుకున్నారు. తర్వాత ఘంటసాల గారు వచ్చి, ఆ బాణీలకు వాద్యాలు అమర్చి, రికార్డు చేసి, మిగిలిన పాటలకు, నేపథ్యానికి తానే సంగీతం కట్టారు. 1957లో సినిమా వచ్చినప్పుడు తెర మీద పడిన పేరు ఘంటసాల గారిది. పడవ పాట బాణీ రాజేశ్వరరావు గారిది.

తరగతిలో చప్పుడు లేదు. రెండు పార్టీలకూ ఒకేసారి దెబ్బ తగిలింది. అప్పుడు మా జమ్మలమడుగు వాడు లేచి, "అయితే టైటిల్సులో వేసింది అబద్ధమా సార్?" అన్నాడు.

సారు కాసేపు ఆలోచించి, "అబద్ధం కాదురా. చాలదు" అన్నారు.

సార్, ఆ మాట మీకు గుర్తుందో లేదో నాకు తెలియదు. నేను మర్చిపోలేదు.

ఆ శనివారమే సాహిత్య సంఘంలో వక్తృత్వ పోటీ పెట్టించారు సారు. విషయం: సినిమా పాట గొప్పతనం ఎవరిది? నేను పేరిచ్చాను. వాడు ఇవ్వలేదు. స్టేజీ అంటే వాడికి పడదు. శుక్రవారం రాత్రి హాస్టల్ వరండాలో కూర్చుని నాకు అంతా చెప్పినాడు. ముందు మల్లీశ్వరి చెప్పు అన్నాడు. ఆ సినిమాకు సంగీతం కింద రాజేశ్వరరావు, అద్దేపల్లి రామారావు అని రెండు పేర్లున్నాయి, బి.ఎన్.రెడ్డి గారి సినిమాలో ఇద్దరి పేర్లూ వేసినారు చూడు, అది చెబితే పులివెందులోళ్ళు కూడా చప్పట్లు కొడతారు అన్నాడు. తర్వాత స్పీకరు వైరు పీకిన సంగతి చెప్పు. తర్వాత సాగరసంగమానికి ఇళయరాజాకు సంగీతానికి, బాలుకు గానానికి జాతీయ అవార్డులు విడివిడిగా వచ్చినాయని చెప్పు. సితార పాటకు జానకమ్మకు వచ్చింది కదా, అదీ చెప్పు. ఒక్క పాటలో ఎన్ని పనులున్నాయో లెక్కబెట్టి చెప్పు.

వాడు చెప్పినట్టే చెప్పాను. మొదటి బహుమతి వచ్చింది. స్టీలు టిఫిన్ బాక్సు. బహుమతి ఇచ్చేటప్పుడు తెలుగు సారు నా భుజం మీద చెయ్యేసి, మైకులోనే అడిగారు. "ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావురా?"

మూడో వరసలో వాడు కూర్చున్నాడు. నాకు కనపడుతున్నాడు. నేను, "మా ఇంట్లో టేపురికార్డరు ఉంది సార్. నేనే విని తెలుసుకున్నాను" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. వాడూ కొట్టినాడు.

సినిమా పాటల్లో ఎవరి పేరు ఎక్కడుండాలో పది నిమిషాలు ఉపన్యసించిన నోటితోనే, పదకొండో నిమిషంలో వాడి పేరు మింగేశాను. పదో తరగతి తర్వాత వాడు చదువు ఆపి నాయన కొట్టులో కూర్చున్నాడు. నేను ఇంటర్ చదివి, ఇంజనీరింగ్ చదివి ఊరు వదిలిపోయాను. ఆ సంగతి వాడెప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

ఇక ఇంజనీరు సంగతి. కార్యదర్శి అడిగాడు కాబట్టి ఒకటి చెబుతాను. మేం ఒక వంతెనకో కాలువ కట్టడానికో డ్రాయింగు తయారుచేస్తే, కాగితం కుడివైపు అడుగున ఒక పెట్టె గీస్తాం. అందులో గడులుంటాయి. డిజైన్ చేసింది ఎవరు, గీసింది ఎవరు, సరిచూసింది ఎవరు, ఆమోదించింది ఎవరు. ఒక్కో గడిలో ఒక్కో సంతకం. రేపు ఏదైనా పగులు వస్తే ఎవరిని అడగాలో తెలియడానికి ఆ గడులు. నిలబడితే ఎవరిని మెచ్చుకోవాలో తెలియడానికి కూడా అవే అని నాకు ఆలస్యంగా అర్థమయింది.

సినిమా పాటకూ ఇట్లాంటి పెట్టె గీసి చూస్తే మా వేపచెట్టు కింది కొట్లాటలు సగం అక్కడే తేలిపోయేవి. బాణీ ఒక గడి. మాట ఒక గడి. వాద్యాల అమరిక ఒక గడి. గొంతు ఒక గడి. వాయించిన చేతులు ఒక గడి. పడవ పాటలో బాణీ గడిలో సాలూరి వారు, మాట గడిలో పింగళి వారు, అమరిక గడిలో ఘంటసాల గారు, గొంతు గడిలో ఘంటసాల, లీల. ఎవరి పేరూ చెరపనక్కరలేదు. ఒకరికి ఇస్తే ఇంకొకరికి తగ్గదు.

ఇప్పుడు మా జమ్మలమడుగు వాడి ప్రశ్నకొస్తాను. కింద గిటారు ఎవరిది? నేనేమో తెలియకుండానే జవాబు చెప్పాను. విచిత్రం ఏమిటంటే ఆ జవాబు చాలావరకు సరైనదే. చాలామంది సంగీత దర్శకులు బాణీ కట్టి, వాద్యాల అమరికను సహాయకులకు అప్పగిస్తారు. అందులో తప్పు లేదు, అదొక పద్ధతి. ఇళయరాజా పద్ధతి వేరు. బాణీ తయారైనాక, ఏ వయొలిన్ ఏ స్వరం వాయించాలి, ఫ్లూటు ఎక్కడ అందుకోవాలి, బేస్ గిటారు ఎట్లా నడవాలి, అంతా పాశ్చాత్య పద్ధతి స్వరలిపిలో తానే కాగితం మీద రాస్తారు. ఆ కాగితం నుంచి ఒక్కో వాద్యానికి విడివిడిగా ప్రతులు రాసుకుని, వాటిని ముందు పెట్టుకుని వాయించేవాళ్ళు వాయిస్తారు. కాబట్టి ఆయన పాటకు పెట్టె గీస్తే బాణీ గడిలోనూ, అమరిక గడిలోనూ ఒకే సంతకం ఉంటుంది. మా పార్టీ గర్వపడడానికి అసలు కారణం అది. అది తెలియకుండానే మేం గర్వపడ్డాం.

"పాట అందరిదీ" అని ఊరికే అనేయడం కూడా న్యాయం కాదు. అది మంచితనంలా కనిపిస్తుంది, కానీ లెక్క తేల్చకుండా తప్పించుకోవడం. ఒకే మనిషి రెండు గడుల పని చేస్తే రెండింటిలోనూ ఆయన పేరే రాయాలి. అట్లాగే ఆయన రాసిన స్వరాన్ని ప్రాణం పోసి వాయించినవాడి గడిని ఖాళీగా వదలకూడదు. 1986లో వచ్చిన హౌ టు నేమ్ ఇట్ అనే ఆల్బమ్ త్యాగరాజస్వామికీ, జర్మనీ సంగీతకారుడు బాఖ్‌కూ ఇళయరాజా సమర్పించినది. రాసింది ఆయన. అందులో వయొలిన్ వాయించింది వి.ఎస్.నరసింహన్ గారు. విన్నవాళ్ళు ఈ రెండు పేర్లూ చెప్పుకుంటారు.

ఇంకో కొట్లాట మా పార్టీ లోపలే ఉండేది. "మా ఆయన అరగంటలో పాట కడతాడు" అని మావాళ్ళ గొప్ప. "అరగంటలో కట్టేది ఏం పాట?" అని అవతలివాళ్ళు. ఆ కొట్లాట ఇప్పటికీ ఆగలేదు. 2025 మార్చిలో, ఎనభై ఒక్కేళ్ళ వయసులో ఇళయరాజా లండన్‌లో తన సింఫనీ వినిపించారు. మా బ్యాచ్ వాళ్ళు సంగీతం ఎట్లా ఉందని అడగకముందే ఎన్ని రోజుల్లో రాశారని లెక్కలు వేశారు. నెల రోజులకు కాస్త అటూ ఇటూ అని తేలాక మళ్ళీ రెండు పార్టీలయ్యారు.

దీనికి జవాబు కూడా జమ్మలమడుగు కొట్టులోనే దొరికింది. చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అక్కడ కూర్చున్నప్పుడు ఒకాయన రేడియో తెచ్చాడు. మావాడు అయిదు నిమిషాల్లో బాగుచేసి ఇచ్చినాడు. ఆయన డబ్బులివ్వడానికి గొణిగాడు. అయిదు నిమిషాల పనికి అంతా అని. ఆయన పోయినాక మావాడు, "అరగంట తిప్పలు పడినట్టు నటించింటే సంతోషంగా ఇచ్చిండేవాడు. ఈ అయిదు నిమిషాలు నేర్చుకునేదానికి మా నాయనకు ఇరవై ఏండ్లు పట్టింది, నాకు పది. ఆ లెక్క ఎవరికి కనపడతాది?" అన్నాడు.

ఇళయరాజా లెక్క కూడా చూడండి. 1943లో పన్నైపురం అనే పల్లెలో పుట్టారు. అన్నగారి బృందంతో ఊరూరా తిరిగి పాడారు, వాయించారు. మద్రాసు వచ్చి ధనరాజ్ మాస్టారి దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నారు. జి.కె.వెంకటేశ్ గారి దగ్గర సహాయకుడిగా ఏళ్ళ తరబడి పనిచేశారు. తన పేరు లేకుండానే ఎందరికో గిటారు వాయించారు. మొదటి సినిమా అన్నక్కిళి వచ్చింది 1976లో, ఆయన ముప్ఫై మూడో ఏట. ఆ తర్వాతి అరగంటలన్నీ ఆ ముందు ఏళ్ళలోంచి వచ్చినవే. ఎవరి పాటకో గిటారు వాయించే చేయిగా ఉన్నవాడే తర్వాత అందరి చేతులకూ రాసిచ్చాడు. అందుకేనేమో, అడుగున నడిచే గిటారును ఆయన ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు.

ఇప్పుడు నా రెండో తప్పు చెప్పాలి. పదిహేనేళ్ళ కిందటి మాట. ఒక చిన్న వంతెన పని. నేనే డిజైన్ చేశాను. లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. డ్రాయింగు గీసే కుర్రవాడు ఒక సాయంత్రం నా బల్ల దగ్గరకొచ్చి, "సార్, ఈ మూల దగ్గర కడ్డీలు ఇంత ఇరుకుగా ఉంటే కంకర కిందికి దిగదు. పైన చూస్తే కాంక్రీటు ఉంటుంది, లోపల బోలుగా ఉంటుంది" అన్నాడు. మేం వాడేది ఇరవై మిల్లీమీటర్ల కంకర. కొన్నిచోట్ల కడ్డీకీ కడ్డీకీ మధ్య అంత జాగా కూడా లేదు. ఎట్లా సర్దితే సరిపోతుందో కూడా ఆ కుర్రవాడే గీసి చూపించాడు. అట్లాగే మార్చాను. తర్వాత సమావేశంలో ఆ మూల అమరికను పెద్దవాళ్ళు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. నన్ను. నేను తల ఊపి ఊరుకున్నాను.

ఆ రాత్రి ఇంట్లో అన్నం తింటుంటే పిల్లల టిఫిన్ బాక్సుల మధ్య నా పాత స్టీలు బాక్సు కనపడింది. దాని మూత మీద మన బడి పేరు, ప్రథమ బహుమతి అని చెక్కి ఉంటుంది. ముద్ద దిగలేదు. అయినా మరుసటి రోజే పోయి నిజం చెప్పానని మీకు చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. రెండు వారాలు పట్టింది. తర్వాతి సమావేశంలో ఆ కుర్రవాణ్ణి వెంట తీసుకుపోయి, ఆ ఆలోచన ఇతనిది అని చెప్పాను. ఆకాశం విరిగి మీద పడలేదు. నా ఉద్యోగానికీ ఏమీ కాలేదు. ఆ కుర్రవాడు మాత్రం ఆ రోజు నుంచి తన కంటికి ఏది తేడాగా కనపడినా వచ్చి చెప్పడం మొదలుపెట్టాడు. దానివల్ల ఆ తర్వాత ఎన్ని తప్పులు తప్పాయో నాకు తెలుసు. పేరు ఇవ్వడం దానం అనుకునేవాణ్ణి. పని బాగుండడానికి అది అవసరమని అప్పుడు తెలిసింది.

2017లో ఒక సంగతి జరిగింది. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. బాలు గారు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, అనుమతి లేకుండా తన పాటలు పాడకూడదని ఇళయరాజా తరఫున లాయరు నోటీసు వెళ్ళింది. ఆ కచేరీల్లో ఇక ఆయన పాటలు పాడనని బాలు గారు ప్రకటించారు. మా బ్యాచ్‌లో పెద్ద గొడవ. ఇన్నాళ్ళూ ఒకే పార్టీలో ఉన్న ప్రొద్దుటూరోళ్ళమే రెండుగా చీలిపోయాం. "కట్టినవాడిదే పాట" అని కొందరు. "ఆ గొంతు లేకుంటే ఆ పాట ఎక్కడిది?" అని కొందరు. ఇద్దరు మిత్రులు ఒకరి ఇంట్లో పెళ్ళికి ఒకరు పోలేదు. నవ్వులాట కాదు, నిజంగా పోలేదు.

నేను ఇంజనీరునని, విషయం తెలుసుకుని మాట్లాడదామని చట్టం చదివాను. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. మాయాబజార్ వచ్చిన ఏడాదే. ఆ చట్టం కూడా పాటను ఒకే ముద్దగా చూడదు. స్వరం వేరు, సాహిత్యం వేరు, రికార్డు వేరు. ఒక్కోదానికి ఒక్కో హక్కు. స్వరం కట్టినవాళ్ళకూ, మాట రాసినవాళ్ళకూ రాయల్టీలో వాటా గట్టిపరుస్తూ 2012లో సవరణ కూడా చేశారు. చట్టం తనకు తెలిసిన గడులు తాను గీసింది. ఇవన్నీ రాసుకుని ఒక రాత్రి మావాడికి ఫోన్ చేసి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు. ఆఖర్న ఒక మాట అన్నాడు.

"డబ్బు సంగతి చట్టం చూసుకుంటాదిలే అబ్బీ. పేరు సంగతి మనం చూసుకోవాల."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు కూర్చున్నాను. వాడు ఇళయరాజా గురించి అన్నాడో, బాలు గారి గురించి అన్నాడో, ఇంకెవరి గురించి అన్నాడో నేను అడగలేదు. వాడు చెప్పలేదు.

ఆ పెద్దవాళ్ళిద్దరూ 2019లో మళ్ళీ ఒకే వేదిక మీద కలిశారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో బాలు గారు పోయారు. వాళ్ళు ఒక సంవత్సరం ఆలస్యం చేసి ఉంటే ఏమయ్యేదని నేను చాలాసార్లు అనుకున్నాను. మన వయసులో బాకీలు వాయిదా వేయడం మంచిది కాదు.

ఇంకొక్క మాట, తర్వాత దిగిపోతాను. ఈ స్వర్ణోత్సవానికి మన బడి గోడకు ఒక రాతి పలక వేస్తున్నారు. గదులకు విరాళాలిచ్చిన దాతల పేర్లు చెక్కిస్తున్నారు. సంతోషం. అందులో నా పేరు కూడా ఉంది. ఆ పలక అబద్ధం కాదు. చాలదు. యాభై ఏళ్ళలో గంట కొట్టినవాళ్ళు, హాస్టల్లో రోజూ అంతమందికి వండినవాళ్ళు, ఎండాకాలం బోరు ఎండిపోతే బండిమీద నీళ్ళు తోలినవాళ్ళు, జీతం అందని నెలల్లో కూడా పాఠం ఆపని సార్లు, టీచరమ్మలు, వాళ్ళందరి గడులు ఖాళీగా ఉన్నాయి. దాని పక్కనే ఇంకో పలక వేద్దాం. పేర్లు పోగుచేసే పని మా బ్యాచ్ తీసుకుంటుంది. ఖర్చు కూడా. పేర్లు మర్చిపోయామని అనొద్దు. వేపచెట్టు కింద అరగంట కూర్చుంటే అన్నీ గుర్తొస్తాయి. కొట్లాడుకుంటే ఇంకా బాగా గుర్తొస్తాయి.

ఇక నా బాకీ. ఇదిగో ఈ స్టీలు టిఫిన్ బాక్సు. నలభై ఏళ్ళు నా దగ్గరుంది. సొట్టలు పడింది, మూత మీద అక్షరాలు మాత్రం అరగలేదు.

సార్, 1985లో ఇదే ఆవరణలో, ఇట్లాగే మైకు ముందు నిలబెట్టి మీరు నన్ను ఒక ప్రశ్న అడిగారు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావురా అని. ఆ రోజు నేను తప్పు జవాబు చెప్పాను. మీరు నమ్మి భుజం తట్టారు. ఈరోజు ఆ జవాబు దిద్దుకుంటాను.

జమ్మలమడుగులో నేర్చుకున్నాను సార్. బస్టాండు దగ్గర రేడియోలు బాగుచేసే కొట్టులో. నేర్పినవాడు ఇప్పుడు కూడా మూడో వరసలోనే కూర్చున్నాడు.

రారా అబ్బీ. వచ్చి నీ బాక్సు నువ్వు తీసుకో.